ఇంటి మరమ్మతుకి మేస్త్రిని కుదుర్చుకోవడం ఎలా? బంధువైతే మరీ ఎలా?

మా ఖమ్మం ఇల్లు 1994లో నాన్న కట్టించింది. పై బాత్రూం నుంచి కింద వంటింటి స్లాబుకి చెమ్మ దిగుతోందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను పెద్దగా ఆలోచించలేదు. వేలు విడిచిన మేనమామ కొడుకు ఇళ్ల పనులు చేయిస్తుంటాడు. "బావా, నువ్వు డబ్బు సంగతి ఎత్తకు. పది రోజుల్లో నీ బాత్రూం అద్దంలా చేసిస్తా" అన్నాడు. పది రోజులు కాస్తా రెండున్నర నెలలయ్యాయి. కొత్త టైల్సు నిజంగానే అద్దంలా మెరిశాయి. కింద చెమ్మ మాత్రం అలాగే ఉంది.

వాడు మోసం చేశాడని నేను ఇప్పటికీ అనుకోను. ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో వాడూ చూడలేదు, నేనూ అడగలేదు. ఎంత ఇవ్వాలో రాసుకోలేదు కాబట్టి ఎంత ఆపాలో తెలియలేదు. ఆ నెలలోనే వాళ్ల చెల్లెలి పెళ్లి. బంతిలో వడ్డిస్తున్నవాణ్ని ఆపి "మా స్లాబు సంగతేంటిరా" అని ఎలా అడుగుతాం? చివరికి ముక్కూమొహం తెలియని ప్లంబర్ ఒకాయన వచ్చి, కమోడ్ వెనక పైపు జాయింటు వదులైందని చూపించి, వాడు వేసిన కొత్త టైల్సు నాలుగు పగలగొట్టి బాగుచేసి వెళ్లాడు.

ఆ తర్వాత తెలిసినవాళ్లతో, తెలియనివాళ్లతో చాలా పనులే చేయించాను. ఏది ముందు చూడాలో, ఎక్కడ రాసుకోవాలో, ఎక్కడ మొహమాటం వదలాలో వరసగా చెబుతాను.

1. మేస్త్రిని పిలిచే ముందు జబ్బేమిటో తేల్చుకోండి

"చెమ్మ వస్తోంది, ఏం చేద్దాం?" అని అడిగితే టైల్సు మేస్త్రి టైల్సు మార్చమంటాడు. పెయింటర్ చెమ్మ ఆపే రంగు ఉందంటాడు. వాటర్‌ప్రూఫింగ్ వాళ్లు డాబా మొత్తానికి కోటింగ్ అంటారు. అబద్ధం చెబుతున్నారని కాదు, ఎవరి పని వాళ్లకి ముందు కనబడుతుంది. రోగం మనం కొంతైనా పట్టుకుంటే సగం ఖర్చు అక్కడే ఆగుతుంది. ఇందుకు ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు.

మొదట, చెమ్మ ఎండాకాలంలోనూ ఉందా? నడి మే నెలలో కూడా తడిగా ఉంటే అది వాన నీళ్లు కాదు, ఇంట్లో నీళ్లే. అప్పుడు రాత్రి మోటారు వేయకుండా, కొళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో కర్ర ముంచి నీళ్లు ఎంతవరకు ఉన్నాయో గుర్తుపెట్టండి. పొద్దున ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ ముంచండి. మట్టం తగ్గితే నీళ్ల పైపులో ఎక్కడో లీకుంది. తగ్గలేదు, అయినా కింద చెమ్మ ఉందంటే డ్రైనేజీ పైపునో, బాత్రూం నేలనో అనుమానించాలి. ఆ బాత్రూం వారం పది రోజులు వాడకుండా ఉంటే చెమ్మ ఆరుతుందేమో చూడండి. ఈ ఒక్క పని చేసి ఉంటే నాకు ఆ టైల్సు ఖర్చు తప్పేది.

చెమ్మ వానాకాలంలోనే కనబడితే డాబా మీదికెక్కండి. వాన నీళ్లు పోయే తూములకి గుడ్డలు కుక్కి, డాబాని మట్టి గట్లతో రెండు మూడు మడులుగా చేసి, ఒక్కో మడిలో అంగుళం, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టండి. ఏ మడి నింపినప్పుడు కింద తడి తేలిందో అక్కడే దారి ఉంది. డాబా నేలా పిట్టగోడా కలిసే మూల, ట్యాంకు దిమ్మె కింద, తూము చుట్టూ ముందు చూడండి. డాబా మధ్యలో కంటే ఈ చోట్లే ఎక్కువగా కారతాయి.

గోడ అడుగున, నేల నుంచి రెండు మూడు అడుగుల వరకే రంగు ఉబ్బి తెల్లటి ఉప్పు రాలుతుంటే అది నేలలోంచి ఎగబాకే తడి. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా మళ్లీ ఉబ్బుతుంది.

ఇక మేస్త్రి చేతికి ఇవ్వకూడని పనులు కొన్ని ఉన్నాయి. పిల్లరులోనో బీములోనో పగులు, స్లాబు పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు కనబడటం, పగులు రోజురోజుకీ పెరగడం. పగులు చివర పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. నెల తర్వాత గీత దాటి వెళ్లిందంటే స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవాల్సిందే. ఆయన ఫీజు చూసి వెనకాడకండి. ఇనుము తుప్పు పడితే ఉబ్బి పక్కనున్న కాంక్రీటుని తోసేస్తుంది. కాబట్టి వదులైన కాంక్రీటు పూర్తిగా చెక్కాలి, చువ్వల తుప్పు గీకాలి, తుప్పు ఆపే పూత వేయాలి, అప్పుడే పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. "సిమెంటు మెత్తేస్తే సరిపోద్ది సార్" అన్నవాడికి టీ ఇచ్చి పంపించేయండి.

ఇంకో రకం కూడా తగులుతుంటారు. లీకు చూడమని పిలిస్తే ఈశాన్యం మూసుకుపోయిందంటాడు, ఈ గోడ తీసేస్తే అన్నీ కలిసొస్తాయంటాడు. వాస్తు మీ ఇష్టం, నేను మాట్లాడను. గోడ మీద బీము ఆని ఉందో లేదో మాత్రం ఇంజనీరుకి చూపించకుండా సుత్తి ఎత్తనివ్వకండి.

2. పనిని కొలతల్లోకి మార్చండి

మేస్త్రితో తగాదాలు చాలావరకు చదరపు అడుగు దగ్గరే పుడతాయి. ఒక లెక్క చేసి చూపిస్తాను. బాత్రూం 8 అడుగులు × 5 అడుగులు, గోడలకి 7 అడుగుల ఎత్తు వరకు టైల్సు. చుట్టుకొలత 26 అడుగులు, దాన్ని 7తో గుణిస్తే 182 చదరపు అడుగులు. తలుపు రెండున్నర అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు అనుకుంటే 17.5 పోతుంది. మిగిలింది 164.5. నేల 40. మొత్తం 204.5. కోతలకీ విరుగుడుకీ పది శాతం కలిపితే 225 అడుగుల టైల్సు కొనాలి. మేస్త్రికి కూలి మాత్రం 204.5కే కట్టాలి. మేస్త్రులు కొందరు తలుపు ఖాళీని తీయకుండా, కొన్న టైల్సు లెక్కకే కూలి కడతారు. తీయాలా వద్దా అన్నది ముందే మాట్లాడుకుంటే ఏ పద్ధతైనా ఒకటే, రేటు అటూ ఇటూ సర్దుకుంటుంది. పనయ్యాక మాట్లాడితే ఇద్దరికీ ఎదుటివాడు దొంగలా కనబడతాడు.

పెయింటింగులోనూ అంతే. కిటికీలు, తలుపుల ఖాళీ తీస్తారా? సీలింగు కలుస్తుందా? లప్పం ఎన్ని కోట్లు, ప్రైమరు ఎన్ని, రంగు ఎన్ని? స్కర్టింగు, వంటింటి గట్టు అంచులు రన్నింగ్ ఫీట్ లెక్కలో, అంటే పొడవు మాత్రమే కొలిచే లెక్కలో వస్తాయి. వాటిని చదరపు అడుగుల్లో కలపనివ్వకండి.

ఒక తెల్ల కాగితం తీసుకుని గది పేరు, పని, కొలత, పాతది తీసే బాధ్యత ఎవరిది, వ్యర్థాలు ఎవరు మోయాలి అన్నవి రాయండి. ఫోన్లో ఫొటోలు తీయండి. ఈ కాగితమే వచ్చిన ప్రతివాడి చేతికీ ఇస్తారు, బంధువుతో సహా.

3. రోజు కూలికా, కొలత లెక్కనా, గంపగుత్తకా?

పగలగొడితేగానీ ఎంత పనో తెలియనివి ఉంటాయి. గోడలో పైపు లీకు వెతకడం, బాత్రూం సన్‌కెన్ (పైపుల కోసం స్లాబు దించి కట్టి పూడ్చిన గుంట) తవ్వడం లాంటివి. వీటిని రోజు కూలికో, వెతకడం వరకు ఒక మొత్తానికో ఇవ్వడం మేలు. గంపగుత్తకి ఇస్తే మేస్త్రి తన భయాన్ని కూడా లెక్కలో కలుపుతాడు, లేదా లోపల సగం చూసి మూసేస్తాడు. టైల్సు, పెయింటింగు, ప్లాస్టరింగు లాంటివి కొలిచి ఇచ్చేవి. వీటికి రోజు కూలి పెడితే మూడు రోజుల పని ఆరు రోజులు సాగుతుంది.

సామాను ఎవరు కొనాలి? నా మాట: పైపులు, వైర్లు, వాటర్‌ప్రూఫింగ్ కెమికల్, టైల్సు, రంగులు మీరే కొనండి, బిల్లు మీ దగ్గరే పెట్టుకోండి. ఇసుక, చిల్లర సామాను మేస్త్రికి వదిలేయండి. ఇసుక నాణ్యత మనకంటే అతనికే తెలుసు. రంగు డబ్బాల్లో పెయింటర్ల కోసం టోకెన్లు, స్కాన్ చేస్తే వచ్చే పాయింట్లు ఉంటాయి. వైర్లు, స్విచ్చుల్లోనూ ఎలక్ట్రీషియన్లకి ఇలాంటి స్కీములున్నాయి. అది వాళ్ల హక్కులాగే వదిలేయడం మర్యాద. కాకపోతే ఫలానా కంపెనీయే కావాలని మేస్త్రి ఎందుకు పట్టుబడుతున్నాడో అప్పుడప్పుడు ఇక్కడే అర్థమవుతుంది.

పాత కొటేషన్లు పట్టుకుని బేరమాడేవాళ్లకి ఒక మాట. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. సామాను కూడా తనే తెచ్చే కాంట్రాక్టరు అంతకుముందు చెప్పిన రేటే చెబుతుంటే అడగొచ్చు.

4. ఎక్కడ వెతకాలి, ఏం అడగాలి

పొద్దున్నే అడ్డా మీద దొరికేవాళ్లు తవ్వడానికి, మోయడానికి పనికొస్తారు. వాటర్‌ప్రూఫింగ్, వైరింగ్ లాంటివి అడ్డా మీద మాట్లాడే పనులు కావు. హార్డ్‌వేర్ షాపు ఆయన చెప్పే పేర్లు మంచివే, ఆయన దగ్గర అప్పున్న మేస్త్రి పేరే ముందు చెబుతాడని గుర్తుంచుకుంటే చాలు. నాకు బాగా అక్కరకొచ్చింది మాత్రం రెండేళ్ల కిందట ఇల్లు బాగుచేయించుకున్న ఇంటివాళ్లు. రెండు వానాకాలాలు దాటిన పనే పని. నిన్న ముగిసిన పని ఎవరిదైనా అందంగానే ఉంటుంది.

అలాంటి ఇంటికి వెళ్తే "బాగా చేశాడా?" అని అడగకండి. అందరూ బాగానే చేశాడంటారు. పని మధ్యలో ఎన్ని రోజులు రాలేదు? చెప్పిన డబ్బుకీ, ఇచ్చిన డబ్బుకీ తేడా ఎంత? తర్వాత ఏదైనా పాడైతే ఫోనెత్తాడా? ఈ మూడు అడగండి. బాత్రూం చూపించమని అడిగి, మగ్గు నీళ్లు పోసి, అవి నేల మీది జాలీ వైపు పోతున్నాయో లేదో చూడండి. టైల్సు మేస్త్రి పనితనం వాలులో తెలుస్తుంది. తర్వాత టైల్సు మీద నాణెంతో అక్కడక్కడ తట్టండి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు నిండలేదన్నమాట.

కరెంటు పనికి మాత్రం లైసెన్సు సంగతి అడగాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లోనూ ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లకి ప్రభుత్వ లైసెన్సు, వైర్‌మన్లకి పర్మిట్ ఉంటాయి. బల్బు హోల్డరు మార్చడానికి అడగరు గానీ, ఇల్లంతా వైరింగ్ మారుస్తుంటే అడగండి. అలాగే చిన్న మేస్త్రికి జీఎస్టీ నంబరు లేదంటే మోసగాడని కాదు. సేవల మీద ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసేవాళ్లకి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అయితే నంబరు లేనివాడు బిల్లులో జీఎస్టీ కలపకూడదు.

అపార్టుమెంటు అయితే పని మొదలయ్యే ముందు అసోసియేషన్‌కి చెప్పండి. బాల్కనీ మూయడం, గది పెంచడం లాంటివి మరమ్మతు కిందికి రావు. వాటికి మున్సిపల్ అనుమతి సంగతి చూసుకోవాలి.

5. ముగ్గురి దగ్గర ఒకే కాగితానికి రేటు తీసుకోండి

ముగ్గురి మధ్య తేడా పెద్దదైతే తక్కువ చెప్పినవాడి లెక్కలో ఏం లేదో వెతకండి. సాధారణంగా లేనివి ఇవి: పాత టైల్సు చెక్కడం, చెత్త దింపి తరలించడం, బయటి గోడకి సరుగుడు కర్రల పరంజా, పైపులు బిగించడం. పాత బాత్రూం ఒకటి కొడితే ఎన్ని బస్తాల చెత్త వస్తుందో చేయించినవాళ్లకి తెలుసు. హైదరాబాద్‌లో నిర్మాణ వ్యర్థాలకి జీడిమెట్ల, ఫతుల్లాగూడలో ప్లాంట్లు ఉన్నాయి. రాత్రికి రాత్రి నాలా పక్కన పోసి వస్తానన్నవాడి మాట వింటే జరిమానా ఇంటి యజమాని మెడకే చుట్టుకోవచ్చు.

అందరికంటే తక్కువ చెప్పినవాణ్ని నేను వెంటనే కొట్టేయను. "ఇది నీకు గిట్టుబాటు అవుతుందా?" అని అడుగుతాను. కొందరు నిజంగానే పక్క వీధిలో పని నడుస్తుంది కాబట్టి తగ్గించి చేస్తారు. కొందరు "మీరు మొదలుపెట్టించండి సార్, చూసుకుందాం" అంటారు. ఆ "చూసుకుందాం" మీకు ఎంతకి పడుతుందో ఎవరూ చెప్పలేరు.

6. తెలిసినవాడికి ఇవ్వాలా?

అసలు ఇది రాయడానికి కూర్చున్నదే ఈ ముచ్చట కోసం.

మన దగ్గర మేస్త్రి దొరికే దారే పరిచయం. బావమరిది స్నేహితుడు, నాన్న ఊరివాడు, ఇల్లు కట్టిన పాత మేస్త్రి కొడుకు, అత్తగారి తరఫు ఎవరో. లాభాలు లేవనడం అన్యాయం. తాళాలు ఇచ్చి ఆఫీసుకి వెళ్లొచ్చు. అర్ధరాత్రి పైపు పగిలితే లుంగీ మీదే వస్తాడు. గోడలో ఏ పైపు ఎటు పోయిందో పాత మేస్త్రికి గుర్తుంటుంది, ఆ జ్ఞానానికి వెల కట్టలేం. నష్టం ఒక్కటే, అడగలేకపోవడం. ఆలస్యమైతే అడగలేం, వంకర వస్తే పగలగొట్టమనలేం, డబ్బు ఆపలేం. అటువైపు వాడికీ ఇదే బాధ. రేటు అడగలేడు, మీ పనికంటే డబ్బులిచ్చే పరాయి పని ముందు చేసుకుంటాడు. మా బావమరిది రెండున్నర నెలలు ఎందుకు సాగదీశాడో నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. వాడు నాకోసం నష్టానికి పని చేస్తున్నాననుకుంటున్నాడు. నేనేమో వాడికి పని ఇచ్చి ఉపకారం చేశాననుకుంటున్నాను.

ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. పని చెడిపోతే ఇతని ముందు కూర్చుని "ఇది బాగాలేదు, మళ్లీ చెయ్యి, అప్పటిదాకా ఈ పదివేలు ఇవ్వను" అని అనగలరా? ఆ మాట మనసులో అనుకుంటేనే ఇబ్బందిగా ఉంటే ఇవ్వకండి. అనగలిగితే ఇవ్వండి, ఈ కట్టుబాట్లతో:

రేటు బజారు రేటే. బంధువని తగ్గించమనకండి, "నీకు తోచింది ఇవ్వు బావా" అంటే ఒప్పుకోకండి. తోచినది ఇవ్వమన్నవాడికి మనసులో ఒక అంకె ఉంటుంది, మనం ఇచ్చేది దానికి ఎప్పుడూ తక్కువే. ఉచితంగా చేయించుకోవడానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం డబ్బు తీసుకోకుండా చేసిన సేవని లెక్కలోకే తీసుకోదు.

పాత అప్పులు, చేబదుళ్లు ఈ లెక్కలో కలపకండి. "పోయిన సంక్రాంతికి నీకిచ్చిన పదివేలు ఇందులో మినహాయించుకుంటా" అన్నారో, రెండు లెక్కలూ తేలవు.

మధ్యవర్తిని పెట్టకండి. మావయ్యతోనో అత్తయ్యతోనో చెప్పించిన మాట నాలుగిళ్లు తిరిగి వేరే రంగు పూసుకుని వస్తుంది. సైటు మాట సైటులోనే, అతనితోనే.

ముందు చిన్న పని ఇవ్వండి. ఒక కిటికీ మార్చడం, ఒక గదికి రంగు. వారం రోజుల పనిలో మనిషి తెలుస్తాడు.

కాగితం అంటే ఎదుటివాడు నొచ్చుకుంటాడన్న భయం నాకూ ఉండేది. పోయినేడు డాబా పని చిన్ననాటి స్నేహితుడికి ఇచ్చినప్పుడు "మన మధ్య కాగితాలేంట్రా" అన్నాడు. "మన మధ్య కాబట్టేరా. నువ్వు ఒకటి అనుకుని, నేనొకటి అనుకుని రేపు మాటలు పోతే నష్టం ఇద్దరికీ. మా ఆవిడకి కూడా లెక్క చూపించాలి" అన్నాను. నవ్వి సంతకం పెట్టాడు. తర్వాత ఆ కాగితం నాకంటే ఎక్కువసార్లు తీసి చూపించింది వాడే, మా ఆవిడ పిట్టగోడకి కూడా రంగు వేయమన్నప్పుడు.

వద్దనుకుంటే ఎలా చెప్పాలి? కథలు అల్లకండి, వారం తిరక్కుండా బయటపడతాయి. "నీతో మాట పట్టింపులు రాకూడదని ఈ పని బయటివాళ్లకి ఇస్తున్నా. ఒకసారి వచ్చి వాళ్ల కొటేషన్ చూసిపెట్టు" అంటే చాలామంది సంతోషంగా వస్తారు. అవసరమైతే పని చూసుకోవడానికి అతన్నే రోజుకింత అని ఇచ్చి పెట్టుకోవచ్చు. పరాయి మేస్త్రి మీద మన తరఫున కేకలేయడానికి తెలిసినవాణ్ని మించినవాడు లేడు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊళ్లో ఇల్లు బాగుచేయించేవాళ్లకి వేరే దారి లేక బంధువులే దిక్కు. వాళ్లు చేయగలిగింది ఒకటుంది: సామాను డబ్బు నేరుగా షాపుకి, కూలి డబ్బు నేరుగా మేస్త్రికి పంపడం. చూసుకునే బంధువు చేతికి ఒక్క రూపాయి కూడా తిరగకుండా, అతని తిరుగుడు ఖర్చులు విడిగా ఇవ్వడం. డబ్బు చేతిలో తిరిగితే ఎంత నిజాయితీపరుడైనా ఊళ్లో మాట పడతాడు.

7. కాగితంలో ఏం ఉండాలి

వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకోవడం మన దగ్గర అలవాటు. చిన్న పనికి మామూలు కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం చేసి, ఫొటో వాట్సాప్‌లో పంపుకున్నా చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది. పెద్ద భాష అక్కర్లేదు, ఇలా రాస్తే చాలు:

"పై అంతస్తు బాత్రూం, కొలతలు జతచేసిన కాగితంలో ఉన్నాయి. పాత టైల్సు, సన్‌కెన్ పూడిక తీసి చెత్త బయటికి తరలించడం మేస్త్రి బాధ్యత. కొత్త పైపులకి ప్రెషర్ టెస్టు (ఒత్తిడితో నీళ్లు నింపి కారుతున్నాయేమో చూడటం), వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు, 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూశాకే టైల్సు. సామాను యజమానిది, పనిముట్లు మేస్త్రివి. మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ. కూలి మొత్తం 80,000. అదనపు పని ఏదైనా ముందు రేటు మెసేజ్‌లో ఒప్పుకున్నాకే. పని ముగిసిన ఏడాది లోపు లీకు వస్తే ఉచితంగా బాగుచేయాలి."

చెల్లింపులు రోజుల లెక్కన కాకుండా పని దశల లెక్కన పెట్టండి. ఈ 80,000ని నేనైతే ఇలా విడగొడతాను: మొదలుపెట్టే రోజు 8,000. కూల్చివేత, పైపులు అయ్యి ప్రెషర్ టెస్టు నిలిచాక 24,000. నీళ్ల పరీక్ష నెగ్గాక 24,000. టైల్సు అయ్యాక 16,000. నెల రోజులు వాడి చూశాక చివరి 8,000. శనివారం కూలీలకి బట్వాడా ఉంటుంది కాబట్టి మేస్త్రి వారం వారం కొంత అడుగుతాడు, అది న్యాయమే. ఆ దశ డబ్బులోంచే ఇచ్చి రాసుకోండి. సగం డబ్బు ముందే అడిగేవాడి దగ్గర పాత సైటు ఏదో ఆగి ఉంటుంది, మీ అడ్వాన్సు అక్కడికి పోతుంది.

ఫోన్‌పే, గూగుల్‌పే చేసి, నోట్‌లో "రెండో దశ" అని రాయండి. నగదు ఇస్తే పుస్తకంలో సంతకం తీసుకోండి. ఒకే పనికి 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

8. పని నడుస్తున్నప్పుడు

రోజంతా నెత్తిన కూర్చోనక్కర్లేదు. మూసేయబోయే పని దగ్గర మాత్రం ఉండాలి. గోడలో పైపులు, వైర్ల గొట్టాలు బిగించాక, సిమెంటు పూయకముందు టేపు పక్కన పెట్టి ఫొటోలు తీయండి. రేపు గీజరుకి మేకు కొట్టేటప్పుడు ఈ ఫొటో లక్ష రూపాయల విలువ చేస్తుంది.

వైర్లలో లైట్లకి 1.5, మామూలు ప్లగ్గులకి 2.5, ఏసీకీ గీజరుకీ 4 చదరపు మిల్లీమీటర్లు వాడటం ఇళ్లలో ఆనవాయితీ. వైరు మీదే అచ్చు వేసి ఉంటుంది, చదవండి. మెయిన్ దగ్గర 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే ఈ పనిలోనే పెట్టించండి. సిమెంటు బస్తా మీద తయారైన వారమో నెలో వేసి ఉంటుంది. మూడు నెలలు దాటినది, గడ్డలు కట్టినది వెనక్కి పంపండి. కాంక్రీటు పని ఏదైనా చేయిస్తే మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి 10 రోజులు తడుపుతూ ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. మన ఎండల్లో ఇంకో నాలుగు రోజులు కలపండి. తడిపే పని ఎవరిదో కూడా ముందే అనుకోండి. మేస్త్రి ఇంటివాళ్లు తడుపుతారనుకుంటాడు, ఇంటివాళ్లు మేస్త్రి అనుకుంటారు, సిమెంటు ఎండిపోతుంది.

డాబా పనికి సంక్రాంతి తర్వాత నుంచి మే లోపు మంచి అదను. జూన్‌లో మబ్బు చూశాక మేస్త్రి కోసం పరిగెత్తితే రేటు అతనిది, తేదీ అతనిది. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్ల బెడద కూడా ఉంది. పండగ ముందు వారంలో పని మొదలుపెట్టించకండి. ఊళ్లకి వెళ్లిన కూలీలు ఎప్పుడు తిరిగొస్తారో మేస్త్రికీ తెలియదు.

ఎత్తు మీద పని ఉంటే పరంజా గట్టిగా ఉందో లేదో మీరు కూడా ఒకసారి ఊపి చూడండి, నడుముకి బెల్టు కట్టుకోమని పట్టుబట్టండి. పగలగొట్టే గదికి కరెంటు ఆపించండి. మంచినీళ్లు, రెండు పూటలా టీ ఇవ్వండి. ఇది ఒప్పందంలో ఉండదు, ఉండాల్సిన పనీ లేదు.

9. తేడా వస్తే

కోపంలో ఫోన్ చేయకండి. ఫొటోతో పాటు ఏం బాగాలేదో, ఎప్పటిలోగా సరిచేయాలో మెసేజ్ పెట్టండి. రాకపోతే ఇంకో మేస్త్రినో ఇంజనీరునో పిలిచి, లోపమేమిటో, సరిచేయడానికి ఎంతవుతుందో రాయించుకోండి. ఆ తర్వాతే వేరేవాళ్లతో పని మొదలుపెట్టించాలి, లేదంటే ఎవరి తప్పో తేల్చడానికి ఆనవాళ్లు మిగలవు.

డబ్బు పెద్దదైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో చెల్లించిన మొత్తం 5 లక్షల వరకు అయితే ఫిర్యాదుకి ఫీజు లేదు. సమస్య పుట్టిన రెండేళ్ల లోపు వెళ్లాలి. కొలత మీద, కాగితం మీద ఇచ్చిన కాంట్రాక్టు అయితే అక్కడ మాట్లాడటానికి వీలుంటుంది. మీరు చెప్పినట్టల్లా చేసిన రోజు కూలీ మీద మాత్రం ఆ దారి నమ్ముకోకండి. బంధువు మీద కమిషన్‌కి వెళ్లినవాణ్ని నేనింకా చూడలేదు. అందుకే ఆపిన ఆ చివరి 8,000 బంధువు దగ్గరే ఎక్కువ ముఖ్యం.

ఆ డబ్బు ఇచ్చే రోజు మేస్త్రిని ఇంటికే పిలవండి. కింద స్లాబు మీద చెయ్యి పెట్టి చూడమనండి. మిగిలిన టైల్సు ఒక పెట్టె, రంగు డబ్బా మీది షేడు నంబరు, పైపుల ఫొటోలు, బిల్లులు, ఒప్పంద కాగితం అన్నీ ఒకచోట పెట్టి అటక మీదికి ఎక్కించండి. మా ఇంట్లో ఆ టైల్సు పెట్టె మీద మా అమ్మ స్కెచ్ పెన్నుతో "పారేయొద్దు" అని రాసిపెట్టింది.